నూట ఎనిమిదో రహస్యం

ప్రజలకు తెలియనిదేదీ ఉండకూడదని ప్రభుత్వానికి ఒక సోమవారం నాడు హఠాత్తుగా తోచింది. మంగళవారానికల్లా జీవో వచ్చేసింది. ఏళ్ళ తరబడి బీరువాల్లో మగ్గుతున్న రహస్య పత్రాలన్నిటికీ విముక్తి కలిగించి ప్రజల చేతుల్లో పెట్టాలనీ, ఇందుకోసం రాష్ట్రమంతటా ‘రహస్య విమోచన మహోత్సవం’ జరపాలనీ, ఒక్కో కార్యాలయం నూట ఎనిమిది రహస్యాలకు తగ్గకుండా విడుదల చేయాలనీ అందులో ఉంది. నూట ఎనిమిదే ఎందుకని ఎవరూ అడగలేదు. అష్టోత్తరం ఉండగా నూరుతో సరిపెట్టుకునే ప్రభుత్వం కాదది.

ఏటిగట్టుపాలెం నీటిమట్టాల శాఖ డివిజను ఆఫీసులో ఆ జీవో వచ్చి సూపరింటెండెంటు ముక్కామల విశ్వపతి బల్ల మీద పడింది. విశ్వపతి ఆ ఆఫీసుకి పౌర సమాచార అధికారి కూడా. అంటే సమాచార హక్కు చట్టం కింద ఎవరేమడిగినా జవాబు చెప్పాల్సినవాడు. ఆ పదవి ఆయన కోరి తెచ్చుకున్నది కాదు, మిగతావాళ్ళందరూ సెలవు పెట్టిన రోజున ఆఫీసుకు రావడం వల్ల సంక్రమించింది. మనిషి మంచివాడే. పైవాళ్ళు కాగితం మీద రాసి చెబితే తప్ప ఎవరికీ అపకారం చేసి ఎరగడు.

చిక్కేమిటంటే, ఆ ఆఫీసులో రహస్యాల్లేవు. అక్కడ జరిగే పనల్లా ఒకటే. ఎగువ ఆనకట్ట దగ్గర ఏరు ఎన్ని అడుగులుందో రోజూ ఫోనులో కనుక్కోవడం, ఆ అంకెను వరండాలో ఉన్న నల్లబల్ల మీద సుద్దముక్కతో రాయడం. రాసింది దారినపోయే కుక్క దగ్గర్నుంచి అందరూ చూస్తారు. అలాంటి చోట నూట ఎనిమిది రహస్యాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

“పక్క డివిజను వాళ్ళు అప్పుడే అరవై దాటారట, విశ్వపతిగారూ!” అన్నాడు ఈఈ త్రివిక్రమరావు. ఆయన కార్యనిర్వాహక ఇంజనీరు, ఆ ఆఫీసుకి అధిపతి. మామూలు మాటను కూడా ముందు మనసులో ఉత్తర్వుగా రాసుకుని తర్వాత చదివినట్టు మాట్లాడతాడు. “మనము శూన్యము చూపితిమా, మన ప్రతిష్ఠ ఏమి కావలెను? ఇన్నేళ్ళలో ఏమీ దాచలేదంటే ఏమీ చేయలేదనే కదా భావము?”

ఆఫీసంతా వెతికారు. పాత సామాన్ల గదిలో తుప్పు పట్టిన ఇనప బీరువా ఒకటి దొరికింది. తాళంచెవి ఎప్పుడో పోయింది. కమ్మరిని పిలిపించి పగలగొట్టిస్తే లోపల ఒకే ఒక్క ఫైలుంది, దాని మీద ఎర్రగా ‘రహస్యం’ అని ముద్ర ఉంది. అందరూ ఊపిరి బిగబట్టి విప్పి చూశారు. ఏనాడో ఆ ఊరికి రాబోయిన మంత్రివర్యులకు గోంగూర పడదనీ, విందులో వడ్డించరాదనీ, ఈ సంగతి పొక్కినచో గోంగూర సాగుచేయు రైతాంగంలో అశాంతి ప్రబలగలదనీ ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. అయినా ఎలుకను వదులుకునే పరిస్థితి కాదు కాబట్టి దానికి ఒకటో నంబరు వేశారు.

“విడుదల చేయాలంటే ముందు దాచి ఉండాలి కదండీ. మనం దాచినవే లేవాయె. పోనీ ఇప్పుడు దాద్దామంటే...” అని నసిగాడు విశ్వపతి. ఆయన నిట్టూరుస్తూ అన్న మాట అది. కానీ ఈఈ గారి కళ్ళు మెరిశాయి.

జీవో మళ్ళీ చదివారు. విడుదలకు ముందు పత్రము కనీసము ఒక నెల రహస్యముగా ఉండి ఉండవలెనని అందులో ఉంది. ఎప్పటి నుంచి అన్నది లేదు. మహోత్సవానికి నెల దాటి వ్యవధి ఉంది. ఆ సాయంత్రానికే కొత్త రబ్బరు స్టాంపు తయారై వచ్చింది.

ఇక చూడాలి ముద్రల జోరు. టీ ఖర్చుల రసీదులు రహస్యమైపోయాయి. సెలవు చీటీలు, ఫ్యాను మరమ్మతు బిల్లు, వినాయక చవితి చందాల లెక్క అన్నీ రహస్యమైపోయాయి. బాత్రూము తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో చెప్పే ఉత్తర్వు మీద కూడా ముద్ర పడింది. ఆ ఉత్తర్వులో ఏముందో తెలిసిన ఒక్కగానొక్క గుమాస్తా ఆ నెలంతా నోరు విప్పలేదు, సిబ్బంది ఎదురుగా ఉన్న హోటలువాడి కాళ్ళావేళ్ళా పడి కాలం గడిపారు. గోడ క్యాలెండరు మీద కూడా ముద్ర వేశారు గాని, తేదీ తెలియకపోతే జీతాల బిల్లు ఆలస్యమవుతుందని అందరూ మొత్తుకునేసరికి దాన్ని వెనక్కి తీసుకున్నారు. దాంతో లెక్క నూట ఏడు దగ్గర ఆగిపోయింది.

నూట ఎనిమిదో రహస్యం కోసం ఈఈ గారు కిటికీలోంచి బయటికి చూశాడు. వరండాలో నల్లబల్ల ముందు జనం గుమిగూడి ఉన్నారు.

“ప్రజలకు ఇంతటి ప్రీతిపాత్రమైన సమాచారము మన చేతిలో ఉండగా, గోంగూర వెంట పడితిమేమి!” అన్నాడు. “దొరికినది ఇచ్చిన ఏమి ఆనందము? ఆకలి పుట్టించి అన్నము పెట్టవలెను.”

మర్నాడు నల్లబల్లకు ఆకుపచ్చ పరదా కట్టారు.

*

నేరేళ్ళలంక నుంచి పాలు తెచ్చే పల్లాలమ్మ ఆ పరదా ముందు క్యాను దించి, తల అటూ ఇటూ వంచి చూసింది. ఏటి మధ్యలో ఉంటుంది లంక. అక్కడి ఇళ్ళన్నీ గేదెల మీద బతుకుతాయి. లంక నుంచి ఈ ఒడ్డు చేరడానికి ఏటికి అడ్డంగా పల్లపు బాట ఒకటుంది. ఎగువన మట్టం పదమూడు అడుగులు దాటిందంటే పూట తిరక్కుండా ఆ బాట మునుగుతుంది. ఆలోగానే గేదెల్ని తోలుకొచ్చి ఏటిగట్టు మీద కట్టేయాలి. బాట మునిగాక మనుషుల్ని పడవల్లో దాటించవచ్చు, గేదెల్ని దాటించలేరు. లంక దగ్గర నీళ్ళు చూసి కదులుదామంటే అప్పటికే ఆలస్యమైపోతుంది. అందుకని రోజూ పాలు పోయడానికి వచ్చిన పల్లాలమ్మ నల్లబల్ల చూసి, ఆ అంకె లంకకు మోసుకెళ్ళేది.

“ఏటండి బాబూ, బల్లకి గుడ్డ కప్పేరు? ఎవరైనా పోయేరేటండి?” అని అడిగింది విశ్వపతిని. ఆయన ఇంటికీ ఆవిడే పాలు పోస్తుంది.

“నీటిమట్టాన్ని రహస్యం చేశామమ్మా.”

పల్లాలమ్మ ఏటి వైపు చూసింది. “ఏరు కనపడతానే ఉంది కదండి?”

“ఏరు బహిరంగమే. ఎన్ని అడుగులన్నదే రహస్యం.”

“ఎందాకండి?”

“మహోత్సవం దాకా. ఆ రోజు మంత్రిగారు వచ్చి పరదా తీస్తారు. అందరికీ తెలియజేస్తారు. ప్రజలకు తెలియాలనే కదా ఇదంతా.”

“తెలియాలని దాసేరా అండి?”

“మరి అదే పారదర్శకతంటే.”

“ఆయ్, బానే ఉందండి. అందాకా ఏరు ఆగుద్దేటండి?”

జవాబు లేనప్పుడు దరఖాస్తు పెట్టుకోమనడం ఆ ఆఫీసులో ఆనవాయితీ. ఆవిడకు రాయడం రాదంటే తానే కూర్చుని చక్కని దస్తూరీలో రాసిపెట్టాడు. పది రూపాయల స్టాంపు కూడా తన జేబులోంచే అంటించాడు. తర్వాత కుర్చీ మారి, పౌర సమాచార అధికారి హోదాలో దాన్ని పుచ్చుకుని రసీదు ఇచ్చాడు. ఆ మీదట క్షుణ్ణంగా పరిశీలించి తిరస్కరించాడు. రాసినవాడూ పుచ్చుకున్నవాడూ కాదన్నవాడూ ఒక్కడే కావడంతో పని చకచకా అయింది. తిరస్కారం మీద ఈఈ గారికి అప్పీలు చేసుకోవచ్చనీ, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే రెండు రోజుల్లో ఇచ్చితీరాలని చట్టంలో ఉందనీ ఆవిడ చెవిలో వేసింది కూడా ఆయనే. అందుకే మంచివాడని అన్నాను.

అప్పీలు విచారణకు ఈఈ గారు కోటు తొడుక్కుని వచ్చాడు.

“ప్రాణాపాయమంటున్నావు. ప్రాణాపాయము కలదా లేదా అనునది నీటిమట్టమును బట్టి ఉండును. నీటిమట్టము రహస్యము. కావున అపాయము కలదని చెప్పుట రహస్యమును వెల్లడించుటయే. లేదని చెప్పుటయు అంతియే. ఏమందువు?”

“నేనేటంటానండి? గేదెలు సచ్చిపోతాయంటన్నానండి.”

“గేదెల ప్రాణము చట్టములో లేదు.”

“గేదెలు పోతే మా పేణాలు మాత్రం ఎక్కడుంటాయండి?”

ఈఈ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “అదియును గాక, ఈ సమాచారము మూడవ పక్షమునకు చెందినది. అనగా ఏటికి. ఎన్ని అడుగులున్నదో బయటపెట్టుటకు ముందు ఏటి అభ్యంతరములు తెలిసికొనవలెను.”

నవ్వులాటకు అన్నాడనుకోవద్దు. విశ్వపతి ఏటి పేరిట తాఖీదు తయారుచేశాడు. అటెండరు దాన్ని తీసుకెళ్ళి రేవులో పడవలు కట్టే గుంజకు అంటించి, పంచనామా రాయించుకొచ్చాడు. నోటీసు అందినట్టు సంతకము చేయుటకు ఏరు నిరాకరించినదని అందులో ఉంది. గడువులోగా జవాబు రాలేదు. జవాబివ్వని పక్షం సమ్మతించలేదనే భావించాలని ఈఈ గారు తీర్పు రాశాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టు తయారైంది వ్యవహారం.

*

పల్లాలమ్మ ఆఫీసుకు రావడం మానేసింది. పీడ విరగడైందని అందరూ అనుకుంటూ ఉండగా, ఒక ఉదయం ఈఈ గారు తన క్వార్టర్సు గేటు ఎదురుగా ఆవిడను చూశాడు. పాల క్యాను పక్కన పెట్టుకుని, చెట్టు మొదట్లో చతికిలబడి, ఇంటి వైపే చూస్తోంది. మర్నాడూ అంతే. మూడో రోజు ఆయన ఉండబట్టలేక గేటు దాకా వచ్చాడు. సెలవు చీటీ మీద సంతకం చేయించుకోవడానికి వచ్చిన విశ్వపతి కూడా పక్కనే ఉన్నాడు.

“ఇక్కడేమి చేయుచున్నావు?”

పల్లాలమ్మ లేచి నిలబడింది. దాపరికం ఆవిడకు తెలియదు. “మీ ఆవకాయ జాడీలు సూత్తన్నానండి.”

“మా జాడీలా?”

“ఆయ్. వరదొచ్చిందంటే మీ ఇంట్లోకే కదండి ముందు నీళ్ళొచ్చేది. ఏటా అమ్మగారు జాడీలు మేడ మీదికెక్కిత్తారు కదండి. అంకె మీకెరుకే కదండి. మీరు సెప్పరు. సెప్పకపోయినా అమ్మగారు ఆవకాయ ములగనివ్వరు కదండి! జాడీలు మేడెక్కితే మేం గేదెల్ని గట్టెక్కించేద్దారని లంకలో అందరం అనుకున్నావండి.”

విశ్వపతికి నవ్వొచ్చింది, మెచ్చుకోవాలనీ అనిపించింది. ఈఈ గారి ముఖం మాత్రం పాలిపోయింది. ఇన్నాళ్ళూ పరదా వెనక భద్రంగా ఉందనుకున్న నూట ఎనిమిదో రహస్యం తన వంటింట్లోంచి కారిపోతోంది! ఆ మధ్యాహ్నమే మెమో వెలువడింది. చెబుతూ ఉంటే విశ్వపతే టైపు చేశాడు.

‘ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, నీటిమట్టము ఎరిగిన వారలు తమ మాటల ద్వారా గాని, చేతల ద్వారా గాని, ముఖకవళికల ద్వారా గాని దానిని వెల్లడించరాదు. ఊరగాయలు, మంచములు, ధాన్యపు బస్తాలు, వాహనములు యథాస్థానమున ఉండవలెను. ఆకాశము వైపు సాలోచనగా చూడరాదు. ఉత్తర్వును కుటుంబ సభ్యులు ఉల్లంఘించినచో ఉద్యోగి ఉల్లంఘించినట్లుగానే భావింపబడును.’

ఈఈ గారి భార్య ఏడిచింది. నాలుగు రకాల ఆవకాయ, మాగాయ, తొక్కుడు పచ్చడి, అన్నీ ఆ వేసవిలో పెట్టినవే. ఎంత మొత్తుకున్నా ఆయన కదల్లేదు. మొత్తానికి మాట మీద నిలబడ్డాడు, కాదనలేం.

*

మహోత్సవం ఇంకా వారం ఉందనగా ఎగువన వానలు పడ్డాయి. మధ్యాహ్నం మూడు దాటాక ఫోను మోగింది. విశ్వపతి అంకె విని, ఇంకొకసారి చెప్పించుకుని, పరదా వెనక్కి దూరి చీకట్లో తడుముకుంటూ రాశాడు. పదమూడున్నర. పెరుగుతోంది.

చేతులకు అంటిన సుద్ద దులుపుకోకుండానే ఈఈ గారి గదిలోకి వెళ్ళాడు.

“సార్, ఇవాళ ఒక్కరోజుకి పరదా తీద్దామండి. లంక దారి మునిగిపోద్దండి.”

త్రివిక్రమరావు బల్ల మీది జాబితా ముందుకు జరిపాడు. “తీసినచో నూట ఏడు మిగులును. నెల నిండకుండా విడుదలైన రహస్యము లెక్కలోకి రాదు. పై నుంచి జాబితా ఆమోదమై వచ్చినది, ఇప్పుడు మార్చుటకు వీలు లేదు.” తర్వాత గొంతు తగ్గించి మామూలు మనిషిలా అన్నాడు. “నా జాడీలూ కిందే ఉన్నాయి కదయ్యా. నేను మాత్రం త్యాగం చేయట్లేదా?”

విశ్వపతి వరండాలోకి వచ్చాడు. ఏం చేయాలో తోచక, ఆకాశం వైపు చూడకూడదు గనుక, నేల చూస్తూ నిలబడ్డాడు. అదే సమయానికి పల్లాలమ్మ మాపటేళ పాలు పోసి, ఖాళీ క్యానుతో లంకకు పోతూ ఆగింది.

“బాబుగారూ, ఎగువన వానలంటన్నారు. ఏవైనా ఉందేటండి?”

అంకె నాలుక చివర ఉంది. రెండే రెండు మాటలు చాలు. మెమో ఆయన వేళ్ళతో టైపు చేసిందే. పిల్లల చదువులు, పదవీ విరమణకు మిగిలిన కాస్త కాలం, పింఛను, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. చెప్పకుండా తప్పించుకునే దారి కోసం వెతుక్కున్నాడు, దొరికింది.

“జాడీలు ఎక్కడున్నాయి?” అని అడిగాడు.

“ఇప్పుడే సూసొచ్చేనండి. కిందే ఉన్నాయండి.”

“అయితే ఇంకేం?” అన్నాడు విశ్వపతి.

పల్లాలమ్మ ముఖం తేటపడింది. “అంతేలెండి. సూడి గేదె కదండి, ఇయ్యాలో రేపో ఈనేలాగుంది. ఈ వానలో గట్టు మీద దాన్ని కట్టేత్తే ఎలాగా అని బెంగెట్టుకున్నానండి” అంటూ గబగబా వెళ్ళిపోయింది.

ఆ చీకటి పడేవేళకు బాట మునిగింది. తెల్లవారేసరికి లంకలో నడుంలోతు నీళ్ళు. మనుషులందర్నీ పడవల్లో గట్టు చేర్చారు. గేదెల్ని కట్టుతాళ్ళు కోసి వదిలేశారు. ఈదగలిగినవి ఈదాయి. పల్లాలమ్మ సూడి గేదె ఈదలేకపోయింది. ఆవిడ దాని పలుపు పట్టుకుని మెడలోతు నీళ్ళొచ్చేదాకా వదలనంటే వదలనని నిలబడితే, ఇద్దరు మగవాళ్ళు రెక్కలు పట్టుకుని పడవలోకి లాగారు.

ఈఈ గారి క్వార్టర్సులోకీ నీళ్ళొచ్చాయి. జాడీలు ఊరి మీద పడి తేలుతూ పోయాయి. నీళ్ళు తీశాక పై నుంచి విచారణ అధికారి ఒకాయన వచ్చి, అందర్నీ ప్రశ్నించి, రహస్యము ఏ దశలోనూ పొక్కలేదని తేల్చి, డివిజను సిబ్బంది నిష్ఠను శ్లాఘిస్తూ నివేదిక రాసిపోయాడు. అందులో విశ్వపతి పేరు రెండుసార్లు వచ్చింది.

ఇంట్లో పాలు రావడం లేదని భార్య అంటే విశ్వపతి వినిపించుకోనట్టు ఉండిపోయాడు. తిలాపాపం తలా పిడికెడు అని సర్దిచెప్పుకుందామని చూశాడు గాని కుదరలేదు. ఈఈ గారు పరదా తీయనన్నాడు, నిజమే. జీవో పై నుంచి వచ్చింది, అదీ నిజమే. కానీ అయితే ఇంకేం అన్న నోరు మాత్రం తనదే. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆయనకు ఆ మాట వినిపించేది, ఏడుపొచ్చేది.

*

మహోత్సవం మహా వైభవంగా జరిగింది. షామియానాలు, బాజాలు, మామిడి తోరణాలు, ఎక్కడా లోటు లేదు. లంక జనాన్ని బస్సులు పెట్టి రప్పించి ముందు వరసల్లో కూర్చోబెట్టారు. మంత్రిగారు ఒక్కో రహస్యానికీ కట్టిన ఎర్ర రిబ్బను కత్తిరిస్తూ వచ్చారు. గోంగూర ఫైలు దగ్గర కాస్త నవ్వారు. బాత్రూము తాళంచెవి ఉత్తర్వు చదివినప్పుడు సిబ్బంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ రోజు మొత్తం మీద మనస్ఫూర్తిగా మోగిన చప్పట్లు అవే.

చివరికి నల్లబల్లను వేదిక మీదికి ఎక్కించారు. మంత్రిగారు పరదా లాగారు. పదమూడున్నర అడుగులు, వరద నాటి తేదీ. ఆ తర్వాత దాన్ని చెరిపి కొత్త అంకె ఎవరూ వేయలేదు. చీకట్లో రాసింది కావడంతో అక్షరాలు వంకరగా ఉన్నాయి.

“ఈ సమాచారం కోసం చట్టబద్ధంగా పోరాడిన సోదరి మన మధ్యనే ఉన్నారు!” అని మైకులో ప్రకటించాడు ఈఈ గారు. పల్లాలమ్మను పైకి పిలిచి శాలువా కప్పారు. ధ్రువీకరించిన నకలును అద్దాల చట్రంలో బిగించి ఆవిడ చేతిలో పెట్టారు. శాలువాల పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడ్డ విశ్వపతి తలెత్తలేదు.

“ఇదిగోనమ్మా, నువ్వు కోరిన సమాచారం. తృప్తేనా? రెండు మాటలు మాట్లాడు” అన్నారు మంత్రిగారు.

పల్లాలమ్మ చట్రంలోని తేదీ చూసింది, అంకె చూసింది. జనం ఆవిడ ఏడుస్తుందనుకున్నారు. ఫొటోగ్రాఫరు అందుకు సిద్ధంగానే ఉన్నాడు. ఆవిడ ఏడవలేదు. పొద్దుటి నుంచీ మళ్ళీ మబ్బు పట్టి ఉంది, అటు చూసింది.

“ఇది అయిపోయిందండి. ఇయ్యాల ఎంతుందండి?”

వేదిక మీద గుసగుసలు బయల్దేరాయి. ఈఈ గారు మంత్రిగారి చెవిలో చెప్పాడు గాని మైకు దగ్గరగా ఉండటంతో అందరికీ వినిపించింది. “వచ్చే సంవత్సరపు లక్ష్యము రెట్టింపు చేసినారు సార్. కావున ఇప్పటి నుండి మట్టములన్నిటిపై నిన్ననే ముద్ర వేసితిమి.”

మంత్రిగారు తలపంకించి పల్లాలమ్మ భుజం తట్టారు. “వచ్చే ఏడాది ఇవాళ్టి అంకె మొదట నీకే ఇస్తామమ్మా. నాదీ హామీ.” జనం అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు.

పొద్దున ఫోను తీసింది విశ్వపతే. పళ్ళెం ఎవరి చేతిలో పెట్టాలో చూశాడు, ఎవరూ అందుకోకపోతే నల్లబల్ల ముందు నేల మీద పెట్టేశాడు. రెండడుగులు వేసి మైకు ముందుకు వచ్చాడు.

“పన్నెండున్నరమ్మా” అన్నాడు. మైకు దగ్గరికి లాక్కున్నాడు. మళ్ళీ అన్నాడు. “పన్నెండున్నర. గంటగంటకీ పెరుగుతోంది. సాయంత్రానికల్లా పదమూడు దాటేస్తుంది. బాట ఇంకా తేలే ఉంది, వెళ్ళండి.”

ముందు వరసలన్నీ ఒక్కసారిగా లేచాయి. బస్సుల కోసం ఎవరూ ఆగలేదు. పులిహోర పొట్లాలు కుర్చీల్లోనే మిగిలిపోయాయి. పల్లాలమ్మ అద్దాల చట్రాన్ని కుర్చీ మీద పడేసి, శాలువా నడుముకు బిగించి కట్టుకుని ముందు నడిచింది.

“జనం అలా వెళ్ళిపోతున్నారేమయ్యా?” అని అడిగారు మంత్రిగారు.

“సమాచారము అందినది కదండీ. తృప్తి చెందినారు” అన్నాడు ఈఈ గారు. ఎన్నో ఏళ్ళ నౌకరీలో ఆయన చెప్పిన తొలి నిజం అదేనేమో. చెప్పినట్టు ఆయనకే తెలియదు.

పొద్దు వాలేసరికి లంకలో మిగిలిన గేదెలన్నీ ఏటిగట్టు మీద వరసగా నిలబడి నెమరేస్తున్నాయి. ఆ రాత్రి బాట మునిగింది. ఒక్క దూడ కూడా పోలేదు.

*

మూడో నాడు విశ్వపతికి మెమో వచ్చింది. వచ్చే ఏటి మహోత్సవానికి ముందే దాని రహస్యాన్ని వెల్లడించిన నేరం మామూలుది కాదు. అయితే ఆ మెమో కూడా వచ్చే ఏడాది లెక్కలోకి కలిసొస్తుందని ఈఈ గారు దాని మీద రహస్య ముద్ర వేసి, లక్కతో సీలు చేయించి పంపాడు. కవరు మీద ఇలా రాసి ఉంది: ‘దీనిని తెరవరాదు. ఇందలి అభియోగములకు వారము దినములలో వివరణ ఇచ్చునది.’

నియమం నియమమే కాబట్టి, తన మీద మోపిన నేరమేమిటో తెలియజేయవలసిందిగా విశ్వపతి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుకున్నాడు. అది తన బల్ల మీదికే వచ్చింది. రసీదు రాసి తనకు తానే ఇచ్చుకున్నాడు. పరిశీలించి చూస్తే కోరిన సమాచారం రహస్యమని తేలింది. తిరస్కరించాడు.

తర్వాత తెల్లకాగితం తీసి వివరణ రాయడం మొదలుపెట్టాడు. ఇలాంటివి అంతకుముందు ఎన్నో రాయించాడు, ఎలా మొదలుపెట్టాలో ఎలా ముగించాలో కంఠతా వచ్చు. ‘తమ దయార్ద్ర హృదయమునకు విన్నవించుకొనునది’ అన్న దగ్గర ఆగి, ఆ ముక్క కొట్టేశాడు. బయట వాన వెలిసింది. వరండాలోంచి ‘బాబుగారూ’ అన్న పిలుపు వినిపిస్తే, లేచి వెళ్ళి, మాట్లాడి వచ్చాడు. వచ్చాక కాగితం మీద మూడే మూడు ముక్కలు రాశాడు.

‘కవరులో ఏముందో నాకు తెలియదు. ఏదున్నా అది నేను చేశాను. ఇవాళ పదకొండుంపావు, తగ్గుతోంది, ఇప్పుడే పల్లాలమ్మకు చెప్పి వచ్చాను.’